మా ఇంట్లో దయ్యం లేదు

జూన్ 9, సోమవారం

మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు. మధ్యాహ్నం దాకా వడగాలి. పొద్దున నీళ్ళ ట్యాంకు కడిగాను. అడుగున ఎర్రటి బురద పేరుకుంది. మూత వేసి ఉన్నా మిరప దుమ్ము లోపలికి పోతూనే ఉంటుంది.

కోల్డ్ స్టోరేజీ నుంచి బ్యాడిగి మిరపకాయ వచ్చింది, ట్రాక్టరు లోడు. వెంకటేశ్వరమ్మ తన ముఠా ఆడవాళ్ళను తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టి తొడిమలు తీయిస్తోంది. హాలు, వంటింటి గోడలకు సినిమావాళ్ళు పూసిన బూడిద రంగు ఇంకా అలాగే ఉంది. పోయిన చలికాలం షూటింగు అయిపోగానే మళ్ళీ సున్నం వేయించి ఇస్తామన్నారు. వేయించలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు.

ఆ సినిమా శుక్రవారం విడుదలట. సత్తెనపల్లిలో కూడా ఆడుతుందట. కోటేష్ టీకొట్టు పక్క గోడకు పోస్టరు అంటించారు. పోస్టరు నిండా మా వీధి తలుపే. మా ఆవిడ ఖుర్షిదాకు చెప్పాను. ఊఁ అంది.

మధ్యాహ్నం ఆడవాళ్ళు అన్నాలకు లేచారు. ఖాళీ హాల్లో ఫ్యాను తిరుగుతుంటే ఆపాను. వరండాలో చెప్పులు చిందరవందరగా ఉంటే వరసలో పెట్టాను. వంటింట్లో కుళాయి కారుతోంది, కట్టాను. ఈ ఇంట్లో ఈ పనులు నేను తప్ప ఇంకెవరూ చేయరు. చెప్పను కూడా చెప్పను. చెప్పి లాభం లేదు.

జూన్ 11, బుధవారం

ఉక్క. ఖుర్షిదాతో మాట్లాడలేదు. కారణం ఆమెకు తెలుసు.

జూన్ 13, శుక్రవారం

మబ్బు పట్టింది గానీ కురవలేదు. పొద్దున పాలిపోయిన తాలు కాయలు ఏరి వేరే సంచిలో పోశాను.

జుమ్మా నమాజు అయ్యాక మ్యాట్నీకి వెళ్ళాం. నాకు సినిమాల మీద ఆసక్తి లేదు. కోటేష్ టిక్కెట్లు తెచ్చి నెత్తిన కూర్చున్నాడు. నేను, కోటేష్, ఖుర్షిదా, వెంకటేశ్వరమ్మ, ఇంకా మా వీధివాళ్ళు. మన ఇల్లు చూద్దామని అందరికీ సరదా.

మొదట చాలాసేపు ఏమీ జరగదు. ఎవరో ఒక ఆడమనిషి ఒంటరిగా మా ఇంట్లో అద్దెకు దిగుతుంది. ఫ్యాను వేసి పక్క గదిలోకి పోయి వస్తే అది ఆగి ఉంటుంది. చెప్పులు విడిచిన చోట ఉండవు, వరసలో ఉంటాయి. వదిలేసిన కుళాయి కట్టేసి ఉంటుంది. చచ్చిపోయిన ఇంటి యజమాని చేస్తున్నాడట ఇదంతా. ఇట్టాంటి దయ్యం మా ఇంట్లో ఉంటే కరెంటు బిల్లన్నా తగ్గుద్ది అని వెనక వరసలో ఎవరో అన్నారు. థియేటరంతా నవ్వింది.

తర్వాత తర్వాత నవ్వులు తగ్గాయి. ఆ దయ్యం ఎవరినీ ఏమీ చేయదు. గుమ్మంలో నిలబడుతుంది. భుజం మీద తువ్వాలు, తల కొంచెం ఎడమ పక్కకు. మొహం చీకట్లో ఉంటుంది. ఆమె వంట చేస్తూ ఉంటుంది. వెనక్కి తిరగదు. కానీ చేతులు ఆగిపోతాయి. చాలాసేపు అలాగే చూపించారు, పాట లేదు, మాట లేదు. థియేటర్లో పిల్లలు కూడా గమ్మున కూర్చున్నారు.

ఇంటర్వెల్‌లో లైట్లు వేశారు. మా వరసలో వాళ్ళు నా వైపు చూస్తున్నారు. కోటేష్ నా తొడ మీద చరిచాడు.

"ఒరేయ్ బుడానూ, ఆ దయ్యం అచ్చం నువ్వేరా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఖుర్షిదా నవ్వలేదు. చేతిలో పాప్‌కార్న్ పొట్లం అలాగే పట్టుకుని ఉంది, ఒక్క గింజ కూడా తినలేదు.

దయ్యం వేషం వేసినవాడు యలమంద. కనిగిరివాడు, నాటకాలు ఆడేవాడట. షూటింగు రోజుల్లో పని లేనప్పుడల్లా మా వరండాలో కూర్చునేవాడు. ఖుర్షిదా చేతి టీ తాగేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, నాలాంటివాడే అనుకున్నాను. మా ఇంట్లో కూర్చుని నన్నే దొంగిలించుకుపోయాడు.

జూన్ 14, శనివారం

గేదెను తోలుకుపోతే స్టేషన్లో కేసు రాస్తారు. చేలో మోటారు ఎత్తుకుపోతే రాస్తారు. మనిషి నడకను, నిలబడే తీరును ఎత్తుకుపోతే ఎవరికి చెప్పుకోవాలి?

టీకొట్టుకు పోతే కోటేష్ దయ్యంగారికి ఒక టీ అని కేక వేశాడు. తాగకుండా వచ్చేశాను. ఇక ఆ కొట్టుకు పోను.

జూన్ 16, సోమవారం

పొద్దున చినుకులు. వరండాలో సంచుల మీద టార్పాలిన్ కప్పాను.

పనికి ఎవరూ రాలేదు. నేనే వెంకటేశ్వరమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఒంట్లో బాగాలేదంది. మిగతావాళ్ళకు కూడా బాగాలేదా అన్నాను. చేట పక్కన పెట్టి, ఆ హాల్లో ఇక కూర్చోలేమని తేల్చి చెప్పింది.

"పని చేసుకుంటా ఉంటే వెనక ఎవరో నిలబడ్డట్టు ఉంటది బుడానూ. సినిమా చూసినకాణ్ణించీ మరీనూ."

"వెనక నిలబడేది నేనేగా వెంకటేశ్వరమ్మా. పని చూసుకోవద్దా?"

"నేను చెప్పేదీ అదే" అని మళ్ళీ చేట అందుకుంది.

ఈ మాటకు అర్థం ఏమిటి? ఇన్నేళ్ళుగా ఆమెకు పని ఇచ్చాను. ఒక్కరిని ఒక్క మాట అనలేదు. తొడిమ సరిగ్గా తీయకపోయినా అరవలేదు, పక్కన నిలబడి చూశానంతే. అరిచేవాడి దగ్గరికి పోతారు. పోనీ.

కాయ అలాగే ఉంది. హాలు ఖాళీ. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఫోన్ చేశారు, మా ఇంటికి ఇక కాయ పంపాలా వద్దా అని. వాళ్ళదాకా పోయింది మాట.

జూన్ 17, మంగళవారం

హాస్టల్ నుంచి నాజియా ఫోన్ చేసింది. స్నేహితురాళ్ళతో సినిమాకు వెళ్ళిందట. సగంలో బయటికి వచ్చేసిందట. భయమేసిందా అని అడిగాను.

"లేదు నాన్నా" అంది.

ఇంకేమైనా చెబుతుందేమోనని ఆగాను. అమ్మకు ఇవ్వమంది. ఇచ్చాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఖుర్షిదా సరే ఉంటా అని పెట్టేసింది. నేను వినడానికి వెళ్ళలేదు. బ్యాటరీ అయిపోతుందని వెళ్ళాను.

జూన్ 19, గురువారం

ఎండ. పెరట్లో తీగ బిగించి కట్టాను, బట్టలు నేలకు తగులుతున్నాయి.

మధ్యాహ్నం మంచినీళ్ళకు వంటింట్లోకి వెళితే ఖుర్షిదా చేతిలో గ్లాసు పడిపోయింది. చూసుకోవద్దా అన్నాను. ఆమె గ్లాసు తీసి కడిగి బోర్లించింది. అటు తిరిగే ఉండి అంది.

"లోపలికి వచ్చేటప్పుడు కొంచెం దగ్గండి. మీరేనని తెలుస్తుంది."

నా ఇంట్లోకి నేను దగ్గి రావాలా? పరాయి ఇంటికి పోయినవాడిలాగా? నేను కాక ఇంకెవరు వస్తారు ఈ ఇంట్లోకి? అడిగాను. గట్టిగా అడగలేదు. కూరగిన్నె చెయ్యి జారి గోడకు తగిలింది. బూడిద రంగు మీద పులుసు మరక. అది ఎలాగూ మళ్ళీ వేయించాల్సిన గోడే.

నేను ఎవరి మీదా చెయ్యి ఎత్తిన మనిషిని కాదు. ఈ వీధిలో ఏ మగాణ్ణయినా ఆ మాట అనమనండి చూద్దాం.

సాయంత్రం ఆమే గోడ తుడిచింది. నేను వద్దనలేదు, తుడవమనీ అనలేదు.

జూన్ 20, శుక్రవారం

మాట్లాడలేదు.

జూన్ 21, శనివారం

మాట్లాడలేదు. కోపం కాదు. మాట్లాడాల్సింది ఏమీ లేదు.

జూన్ 22, ఆదివారం

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రాసిపెట్టాలి.

నేను కోల్డ్ స్టోరేజీకి పోయిన సమయంలో మా వదిన నస్రత్ చిలకలూరిపేట నుంచి దిగింది. ఖుర్షిదాకు అక్క, అన్నిటికీ ముందుండే మనిషి. ఇంటికి దిష్టి తగిలిందో గాలి పట్టిందో తేల్చేద్దామని కుంపటి రాజేసి హాల్లో పెట్టిందట. వీధిలో ఆడవాళ్ళను కూడా పిలిచిందట, సాక్ష్యానికి. ఎండు మిరపకాయలు గుప్పెడు తీసి చెల్లెలి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసిందట. ఘాటు వచ్చి అందరూ దగ్గితే ఏమీ లేనట్టు. ఘాటు రాకపోతే ఉన్నట్టు. ఈ నమ్మకం మా వాళ్ళకూ ఉంది, హిందువులకూ ఉంది, ఈ చుట్టుపక్కల మిరప పండించే ఊళ్ళన్నిటా ఉంది.

ఒక్కరూ దగ్గలేదట. హాలంతా పొగ, ఒక్క తుమ్ము లేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లేచిపోయారట.

నేను వచ్చేసరికి వీధి వీధంతా అరుగుల మీద ఉంది. నన్ను చూసి మాటలు ఆపారు. లోపలికి వచ్చి కుంపటిలో చూశాను. వేళ్ళతో బూడిద కెలికాను. మాడిన తొక్కలు, ముడతలు ముడతలుగా. ఎక్కడివి ఈ కాయలు అని అడిగాను. హాల్లో సంచిలోవేగా అంది వదిన.

అది బ్యాడిగి. రంగు కోసం వాడే కాయ, దానికి కారం ఎంతని? పైగా ఆ సంచిలో ఉన్నవి తాలు కాయలు, నేనే ఏరి పోశాను. తెల్లగా పాలిపోయి ఉన్నాయి, కళ్ళున్నవాళ్ళకు కనపడదా? పొద్దస్తమానం మిరపకాయల్లో బతికే ఆడవాళ్ళు, పుట్టిందగ్గర్నుంచి తొడిమలు తీసే చేతులు, ఏ కాయ కాలుస్తున్నామని ఒక్కరూ అడగలేదు! తాలు కాల్చి దయ్యం ఉందని తేల్చేశారు.

ఇదంతా అరిచి చెప్పాను. అవును, అరిచాను. వీధిలోకి వినపడేలా అరిచాను. అందరూ విన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. వదిన మాత్రం నా మొహం చూసి, ఖుర్షిదా కొన్నాళ్ళు తన దగ్గర ఉంటుందని చెప్పింది. అడగలేదు, చెప్పింది. ఖుర్షిదా సంచి అప్పటికే సర్ది ఉంది. అది ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు.

జూన్ 24, మంగళవారం

ఇల్లు శుభ్రంగా ఉంది. ఫ్యాను ఎవరూ వేయలేదు, ఆపాల్సిన పని లేదు. వరండాలో ఒక్క జత చెప్పులు.

నిజం చెప్పాలంటే ప్రశాంతంగా ఉంది.

జూన్ 26, గురువారం

తెల్లారే బయలుదేరి నరసరావుపేటలో బస్సు మారి కనిగిరి వెళ్ళాను. దారంతా వాడిని ఏమనాలో అనుకుంటూనే ఉన్నాను. అక్కడ వాన లేదు, ఎండ మంట. కోట కొండ కింద బజారులో యలమందకు మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు ఉంది. స్పీకరు విప్పి ముందర పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. ఆశ్చర్యపోలేదు.

"వస్తారనుకున్నా అన్నా. కూర్చోండి."

కూర్చోలేదు. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నా నడక ఎందుకు తీసుకున్నావురా అని మాత్రం అడిగాను. నా వల్ల కూలీలు రావడం లేదని, నా పెళ్ళాం ఇంట్లో లేదని చెప్పాను. ఆ చివరి మాట వాడికి చెప్పకుండా ఉండాల్సింది.

యలమంద స్క్రూడ్రైవరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"మీ నడక నేను తియ్యలేదన్నా. డైరెక్టరుగారు నీకు మాటల్లేవు, మొహం కూడా కనపడదు అన్నారు. మరి ఏం పట్టుకుని చెయ్యాల? నేను ఖుర్షిదా వదిన్ని చూశా. వరండాలో కూర్చునేవాణ్ణి గదా, వదిన లోపల పని చేసుకుంటా సన్నగా పాడుకునేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. ఎందుకా అని చూస్తే మీరు గుమ్మంలో ఉండేవాళ్ళు. మీరేమీ అనేవాళ్ళు కాదు. చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంక ఆ పూటకి పాట లేదు. ఆవిడ ఎట్టా ఆగుతుందో అది నేర్చుకున్నా. అట్టా ఆగాలంటే ఎదురుగా ఎట్టాంటి మనిషి నిలబడి ఉండాలో, అట్టా నిలబడ్డా. అంతేనన్నా."

ఖుర్షిదా పాడదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె పాట నేను వినలేదు. వినకుండా ఎలా ఉంటాను, ఒకే ఇంట్లో ఉండి? వీడు అబద్ధం చెబుతున్నాడు. నాటకాలవాళ్ళు దొంగతనం చేసి దానికి కూడా ఒక కథ చెబుతారు.

చొక్కా పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు. పక్క కొట్టువాళ్ళు వచ్చి విడిపించారు. నేను వదిలేశాకే వచ్చారు నిజానికి. బస్టాండు దాకా వాడు నా వెనకే వచ్చి మంచినీళ్ళ సీసా కొని ఇచ్చాడు. బస్సు కదిలాక కిటికీలోంచి పారేశాను.

జూన్ 27, శుక్రవారం

వాన. ఆమె పాడదు.

జూన్ 30, సోమవారం

వదినకు ఫోన్ చేశాను. ఖుర్షిదాను పంపమన్నాను. చెల్లెలు సరిగ్గా నిద్రపోతోంది, తింటోంది, నాలుగు రోజులు ఆగమంది. అంటే ఇక్కడ తిననట్టా? ఫోన్ పెట్టేయబోయి ఆగాను. ఒప్పందం ఒకటి అడిగాను. మళ్ళీ కాయలు కాలుద్దాం. ఈసారి కాయ నేను తెస్తాను, అందరి ముందూ సంచి విప్పుతాను. అందరూ దగ్గితే ఖుర్షిదా ఇంటికి రావాలి. వదిన ఖుర్షిదాను అడిగి చెబుతానంది. సాయంత్రం ఫోన్ వచ్చింది. సరేనందట. దయ్యం లేదని తేలితే వస్తానందట.

జూలై 2, బుధవారం

తేజా కాయ తెచ్చాను. ఒక రైతు కల్లంలో నేనే ఏరుకున్నాను. సన్నగా, ఎర్రగా, విరిస్తే ముక్కు మండాలి. ఒకటి విరిచి కోటేష్ ముక్కు కింద పెట్టాను. బూతులు తిట్టాడు. కోటేష్‌తో మాట్లాడటం మానేసిన సంగతి అప్పటికి మర్చిపోయాను.

వెంకటేశ్వరమ్మకు, వీధివాళ్ళకు అందరికీ చెప్పాను. శుక్రవారం, నమాజు అయ్యాక.

జూలై 4, శుక్రవారం

ఎండ బాగా కాసింది, గాలి లేదు. పొద్దున బొగ్గులు కొట్టి కుంపటి సిద్ధం చేశాను. హాల్లో కాయల సంచులన్నీ వెనక గదిలోకి మోశాను.

అందరూ వచ్చారు. వదినతో పాటు ఖుర్షిదా ఆటో దిగింది. ఆకుపచ్చ చీర. లోపలికి వచ్చి హాల్లో గోడ దగ్గర నిలబడింది. కొంచెం ఒళ్ళు చేసింది. సంచి తెచ్చుకుంది, వరండాలో పెట్టింది. అది చూశాను. ఉండటానికే వచ్చింది.

అందరి ముందూ కాయలు చూపించాను. ముట్టుకోమన్నాను, వాసన చూడమన్నాను. వెంకటేశ్వరమ్మ ఒకటి కొరికి ఉమ్మేసి, తేజాయే అని ఒప్పుకుంది. కిటికీలు మూయించాను. గుప్పెడు కాదు, దోసెడు వేశాను.

ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు. ముందు కోటేష్ అందుకున్నాడు. తర్వాత వదిన. తర్వాత అందరూ, గుండెలు పట్టుకుని, కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ తలుపులోంచి వీధిలోకి పరుగెత్తారు. చంపుతావా ఏందిరా సచ్చినోడా అని వెంకటేశ్వరమ్మ తిట్టింది. ఆ తిట్టు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వీధిలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ అందరూ నవ్వడం మొదలుపెట్టారు. దయ్యం ఉన్నా ఈపాటికి ఊరొదిలి పోయుంటది అని కోటేష్ దగ్గుతూనే అన్నాడు. సోమవారం నుంచి పనికి వస్తామని వెంకటేశ్వరమ్మ ఒప్పుకుంది. ఖుర్షిదా కూడా నవ్వుతోంది. ముక్కు ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు, వదిన భుజం పట్టుకుని నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు ఇటు తిరిగింది.

నేను గుమ్మంలో ఉన్నాను. ఎవరెవరు దగ్గుతున్నారో చూద్దామని అక్కడ ఆగాను, ఒక్కరు మిగిలినా మళ్ళీ మాట వస్తుందని. నా వెనక హాలంతా పొగ, తలుపులోంచి నా మీదుగానే బయటికి వస్తోంది. నేను దగ్గడం లేదు. కళ్ళు తుడుచుకోవడం లేదు. చూస్తున్నాను, అంతే.

వీధిలో నవ్వు ఆగిపోయింది. ఒకేసారి కాదు, ఒక్కొక్కరిగా, నన్ను చూసినవాళ్ళు చూసినట్టు.

ఖుర్షిదా కొంగు వదిలేసి నిలబడింది. వదినతో అంది.

"అక్కా, పోదాం పద."

వదినకు అర్థం కాలేదు. "ఏమీ లేదని తేలింది గదే."

"తేలింది. ఇంట్లో దయ్యం లేదు. పోదాం పద."

మెట్లెక్కి వచ్చి నా పక్కనుంచే సంచి తీసుకుంది. ఇంత దగ్గరగా. అప్పుడు నేను దగ్గాను. కావాలనే దగ్గాను, అడిగింది కదా అని. ఆమె ఆగి నా వైపు చూసింది. భయంగా చూడలేదు. మెట్లు దిగి ఆటో ఎక్కింది.

మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి దగ్గు రాదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు ఎప్పుడూ ఘాటు తగలదు. పోయిన వేసవిలో కల్లంలో తగిలింది, కళ్ళు వాచాయి, కానీ అప్పుడు జలుబు ఉంది, అది వేరు. ఈ మాట అక్కడే నిలబడి చెప్పి ఉండాల్సింది. ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడిని. ఎవరూ ఏమీ అడగరు, వాళ్ళకు వాళ్ళే అనుకుని పోతారు. మాటకు కట్టుబడి ఉండాలి మనిషి. దయ్యం లేకపోతే వస్తానంది. లేదని తనే ఒప్పుకుంది, అందరూ విన్నారు. మరి రావాలి కదా? ఇదెక్కడి న్యాయం? రేపు చిలకలూరిపేట వెళ్ళి ఇదే అడుగుతాను. గట్టిగా అడగను. గుమ్మంలో నిలబడి

లేదు, లోపలికి వెళ్ళి కూర్చుని అడుగుతాను.

సోమవారం పని మొదలు. హాలు ఊడవాలి, సంచులు మళ్ళీ ఇవతలికి తేవాలి. కిటికీలు ఇంకా తెరవలేదు. కుంపటిలో నిప్పు అలాగే ఉంది, ముందు దాన్ని బయట పారబోసి, తర్వాత...